నాటిన 18 రోజులకూ కదలని మిరప: మట్టి కడిగి చూస్తే తెలిసిన సంగతి

సెప్టెంబరు నెలాఖరులో పల్నాడు జిల్లా నుంచి ఒక రైతు ఫోను చేశారు. రెండెకరాల నల్లరేగడిలో మిరప నాటి 18 రోజులైంది. నాటిన రోజు మొక్క ఎంత ఉందో ఇప్పటికీ అంతే ఉందట. "పొలం తడిగానే ఉందండీ. పొద్దున్నే చూస్తే మొక్క బాగానే ఉంటుంది. పదకొండు దాటితే తల వాల్చేస్తుంది. సాయంత్రానికి మళ్ళీ లేస్తుంది" అన్నారు. అప్పటికే రెండుసార్లు తెగులు మందు మొదళ్ళలో పోయించారు. వేర్లు బాగా వస్తాయని దుకాణంలో చెబితే హ్యూమిక్ ద్రావణం కూడా పారించారు.

ఫోనులోనే నేను వేరుకుళ్ళు కావచ్చని అన్నాను. తడి ఎక్కువైన నేల, మధ్యాహ్నం వాడిపోవడం, ఈ రెండూ వింటే ఎవరికైనా ముందు తోచేది అదే. ఆ అంచనా తప్పని మర్నాడు పొలంలో తేలింది. మొక్కను చూడకుండా రోగం పేరు చెప్పినందుకు నేను ఆయనకు క్షమాపణ చెప్పాను.

తొమ్మిది గంటలకల్లా పొలం చేరాను. ఎండ ముదరకముందు ఒకసారి, మొక్క వాడే వేళకు మరోసారి చూడాలనుకున్నాను. మొక్కలన్నీ జానెడు పైనే ఉన్నాయి. కింది నాలుగైదు కణుపుల్లో ఆకులు రాలిపోయి మచ్చలు మిగిలాయి. పైన మాత్రం గుప్పెడు ఆకులు. కణుపుకూ కణుపుకూ మధ్య మూడు నాలుగు సెంటీమీటర్ల ఎడం. కాండం మొదలు ఆ ఎత్తుకు తగ్గ లావు లేదు. అంత చిన్న మొక్కల్లోనే అక్కడక్కడా పూమొగ్గలు కనిపించాయి. ఆ మొగ్గలు చూడగానే నా అనుమానం దారి మారింది. కుళ్ళు సోకిన నారు పాలిపోయి కూలుతుంది. వయసు మీరి, ఇరుకులో నలిగిన నారు అయితే పూతకు తొందరపడుతుంది.

గట్టు అవతలి పొలం ఆయన బావమరిదిది. అదే నేల, అదే రకం, అదే నర్సరీ నారు, అదే వారంలో నాటు. ఆ పొలంలో మొక్కలు సాలు పొడవునా తేరుకుని కొత్త చిగుళ్ళు వేస్తున్నాయి. ఈ రెండు పొలాలకూ తేడా ఎక్కడుందని అడిగాను. రైతు ముందే నారు బుక్ చేసుకున్నారు. నాగార్జునసాగర్ కుడి కాలువ నీళ్ళ కోసం ఎదురుచూస్తూ తీసుకెళ్ళడం వాయిదా వేస్తూ వచ్చారు. ఆ నారు నర్సరీలోనే 60 రోజులు నిలిచిపోయింది. బావమరిది చివరి నిమిషంలో వెళ్ళి, తర్వాతి విడతలో విత్తిన 38 రోజుల నారు తెచ్చుకున్నారు. "మాది జానెడు దాటిన నారండీ. వాళ్ళది అందులో సగం కూడా లేదు. పొట్టి నారు అంటగట్టారని అప్పుడు మా బావమరిది నర్సరీ వాళ్ళతో గొడవ కూడా పెట్టుకున్నాడు" అన్నారు రైతు.

కడిగి చూసిన వేర్లు

మొక్కను పట్టుకుని పీకితే చేతికొచ్చేది కాండం, నాలుగు లావు వేర్లు మాత్రమే. అసలు చూడాల్సినవి తెగి నేలలోనే ఉండిపోతాయి. అందుకే మొక్క చుట్టూ జానెడు దూరంలో పార దించి, మట్టి బెడ్డతో సహా లేపి బకెట్ నీళ్ళలో అరగంట నానబెట్టాం. తర్వాత గిన్నెతో నీళ్ళు సన్నగా పోస్తూ మట్టి కరిగించాం. రైతు పొలంలో ఐదు మొక్కలు, బావమరిది పొలంలో ఐదు మొక్కలు తీసి పాత గోనెపట్టా మీద రెండు వరుసలుగా పరిచాం.

బావమరిది మొక్కల్లో ప్రోట్రే (నారు పెంచే గుంతల ట్రే) నుంచి వచ్చిన కొబ్బరి పొట్టు ముద్ద ఆకారం ఆనవాలు కూడా లేదు. కొబ్బరి పొట్టు అక్కడక్కడా అంటుకుని ఉందంతే. తెల్లటి వేర్లు నాలుగు వైపులా పది పన్నెండు సెంటీమీటర్లు పాకి, వాటి మీద మళ్ళీ సన్నటి పోగులు వేశాయి.

రైతు మొక్కల్లో ఆ ముద్ద ఇంకా అలాగే ఉంది. పైన వెడల్పుగా, కిందికి పోయేకొద్దీ సన్నగా, ట్రే గుంతను అచ్చు పోసినట్టుంది. దాని గోడల వెంట గోధుమ రంగు వేర్లు బుట్ట అల్లినట్టు చుట్టుకుపోయాయి. అడుగున అవన్నీ చిక్కుపడి చాపలా తయారయ్యాయి. 18 రోజుల్లో పక్కల నుంచి ఒక్క వేరూ బయటికి రాలేదు. అడుగు నుంచి మాత్రం ఒకటి రెండు తెల్లటి పోగులు వేలెడు పొడవు సాగాయి. వేరును చీల్చి చూశాను, లోపల గట్టిగానే ఉంది. కుళ్ళు వాసన లేదు, పైపొర జారిపోవడం లేదు. అంటే ఆ తెగులు మందు ఖర్చంతా వృథా.

ఇంకొక మొక్కను కడగకుండా అలాగే ఉంచి, ముద్దను వేళ్ళతో నొక్కాను. కొబ్బరి పొట్టు పొడిగా రాలింది. దాని చుట్టూ ఉన్న రేగడి మాత్రం అదే చేతికి బంకలా అంటుకుంది. రైతు కూడా నొక్కి చూసి కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తడి నేలలో నిలబడి మొక్క దాహంతో వాడుతోందని అప్పుడు ఇద్దరికీ అర్థమైంది. నాట్లప్పుడు ముద్ద చుట్టూ మట్టి సరిగా అదమలేదు, గడ్డల మధ్య ఖాళీలున్నాయి. వేర్లన్నీ ముద్దలోనే ఉన్నాయి కాబట్టి ఉదయం నుంచి ఆకులు లాగే నీరంతా ఆ గుప్పెడు పొట్టులోంచే రావాలి. పదకొండు గంటలకు అది అయిపోతుంది. రాత్రికి చుట్టుపక్కల నుంచి కాస్త ఊరితే మళ్ళీ లేస్తుంది.

వేరు ఎక్కడ పెరుగుతుంది

మూడు రోజుల తర్వాత వాళ్ళింటి అరుగు మీద ఒక చిన్న ప్రయోగం చూపించాను. నేను వెళ్ళే ఊళ్ళలో చాలాచోట్ల ఇది చూపిస్తుంటాను. చిక్కుడు గింజను తడిగుడ్డలో మొలకెత్తించి, మొలక వేరు రెండు సెంటీమీటర్లు రాగానే ఇంకులో ముంచిన దారంతో దాని మీద మిల్లీమీటరుకొక గీత పెట్టాలి. మర్నాడు చూస్తే గింజకు దగ్గరి గీతలు పెట్టినవి పెట్టినట్టే ఉంటాయి. కొస దగ్గరి గీతలు మాత్రం ఒకదానికొకటి దూరం జరిగి, సాగదీసినట్టు పలచబడతాయి. జర్మనీకి చెందిన వృక్షశాస్త్రవేత్త యూలియస్ సాక్స్ 19వ శతాబ్దంలో చేసి చూపిన ప్రయోగం ఇది. దీనికి మైక్రోస్కోపు అక్కర్లేదు, కళ్ళుంటే చాలు.

వేరు మొత్తం పొడవునా సాగదు. కొసలో కణాలు చీలే చోటు ఒకటి, దాని వెనకే అవి పొడవుగా సాగే చోటు ఒకటి, రెండూ కలిపి కొన్ని మిల్లీమీటర్లే. నేలను తొలుచుకుపోయే బలమంతా అక్కడే పుడుతుంది. కొసను కాపాడుతూ ఒక తొడుగు ఉంటుంది. మట్టి రాపిడికి అది అరుగుతూ, లోపలి నుంచి మళ్ళీ తయారవుతూ ఉంటుంది. ఆ తొడుగు కణాల్లోని పిండి రేణువులు బరువుకు అడుక్కు జారడం వల్లే కింద ఎటుందో వేరుకు తెలుస్తుంది. సాగే చోటు దాటగానే మూలకేశాలు మొలుస్తాయి. నీళ్ళు, పోషకాలు ఎక్కువగా తాగేవి అవే. వాటి ఆయుష్షు కొద్ది రోజులు, మహా అయితే కొన్ని వారాలు. కొస ముందుకు పోతూ ఉంటేనే వెనక కొత్త మూలకేశాలు పుడతాయి. కొస ఆగిపోయిన వేరు ఎంత పొడవున్నా మొక్కకు అందించేది తక్కువ. ఈ కేసు మొత్తానికి తాళంచెవి ఈ ఒక్క మాటలోనే ఉందని నా నమ్మకం.

చోటు దొరికితే వేరు ఎంత పని చేస్తుందో చెప్పడానికి నేను తరచుగా డిట్మర్ అనే అమెరికా శాస్త్రవేత్త లెక్క చెబుతాను. 1937లో ఆయన రై అనే ధాన్యపు మొక్కను ఒక్కదాన్ని నాలుగు నెలలు పెట్టెలో పెంచి, వేర్లన్నీ కడిగి కొలిచారు. మొత్తం పొడవు 600 కిలోమీటర్లు దాటింది. మూలకేశాలు సుమారు 1,400 కోట్లు. ఒక గడ్డి మొక్కది ఈ లెక్క.

మన మిరపకు పుట్టుకతో తల్లివేరు ఉంటుంది. విత్తనాన్ని నేరుగా పొలంలో వేస్తే అది సూటిగా దిగిపోతుంది. ట్రేలో అలా కుదరదు. అడుగు రంధ్రం దగ్గర గాలి తగలగానే కొస ఎండి ఆగిపోతుంది. అది మంచిదే, కొస ఆగితే వెనక నుంచి పక్కవేర్లు ఎక్కువగా వస్తాయి. అయితే ఈ గాలి కత్తిరింపు జరగాలంటే ట్రే కింద గాలి ఆడాలి. ఆ సంగతి నర్సరీ దగ్గర చెబుతాను.

పక్కవేరు పుట్టే తీరు కూడా చూడదగ్గది. కాండం మీద కొమ్మ పైపొరల్లోనే, ఆకు చంకలోని మొగ్గ నుంచి వస్తుంది. పక్కవేరు అలా కాదు. అది వేరు లోపల, నీటి గొట్టాలను చుట్టి ఉండే పరిచక్రమనే పొరలో పుట్టి, పై కణజాలాన్ని చీల్చుకుంటూ బయటపడుతుంది. వేరు లేతగా ఉన్నప్పుడు ఈ పని సులువు. నర్సరీలో మరీ ఎక్కువ రోజులుండి ట్రే గోడలకు రాసుకుని ముదిరిన వేరు పైపొర బిరుసెక్కుతుంది, లోపలి నుంచి పుట్టేవీ తగ్గుతాయి. ఆ ఐదు మొక్కల గోధుమ రంగు బుట్టలో లేత కొసలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని కూడా దొరకలేదు.

పై భాగం కథ

నారు ఎందుకంత పొడవు సాగిందన్నది రెండో ప్రశ్న. చిగురు కొసలో గుమ్మటంలాంటి చిన్న కణజాలం ఉంటుంది. ఆకులు దాని అంచుల్లో ఒకదాని తర్వాత ఒకటి పుడతాయి. ప్రతి ఆకు చంకలోనూ ఒక మొగ్గ మిగులుతుంది. ఎత్తు పెరిగేది మాత్రం ఆ కింద, కణుపుల మధ్య భాగం సాగడం వల్ల. అది ఎంత సాగాలో చాలావరకు వెలుతురు నిర్ణయిస్తుంది. పక్క మొక్క ఆకు గుండా వచ్చే వెలుతురులో ఎరుపు తగ్గి, దూరపు ఎరుపు (ఎరుపుకు అవతల, మన కంటికి సరిగా ఆనని వెలుతురు) మిగులుతుంది. పక్కన పోటీ ఉందని మొక్క దాన్నిబట్టే గ్రహిస్తుంది. లావు మాని పైకి పరుగు తీస్తుంది. 98 గుంతల ట్రేలో 60 రోజులు ఒకదాన్నొకటి కమ్ముకున్న మొక్కలు అదే చేశాయి. కొనేవాళ్ళ కంటికి అది బలంగా కనిపించింది.

పైభాగానికీ వేరుకూ మధ్య జరిగే మాటామంతీ పొగాకు పండించే ప్రాంతాల రైతులకు సులువుగా చెప్పవచ్చు. పొగాకు తల తుంచితే ఆకుల చంకల్లో పిలకలు తన్నుకొస్తాయని వాళ్ళకు తెలుసు. చిగురు కొస, లేత ఆకులు ఆక్సిన్ అనే పదార్థాన్ని తయారుచేసి కిందికి పంపుతాయి. అది దారిలో చంక మొగ్గలను అణచి ఉంచుతుంది, వేర్ల దగ్గరికి చేరి పక్కవేర్లు పుట్టిస్తుంది. వేరు కొసలు సైటోకైనిన్ అనే మరో పదార్థాన్ని తయారుచేసి నీటి గొట్టాల ద్వారా పైకి పంపుతాయి. పైన చిగుళ్ళు విచ్చుకోవడానికి అది కావాలి. 1957లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో స్కూగ్, మిల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పొగాకు కాండంలోని బెండు ముక్కల మీదే ఈ సంగతి తేల్చారు. ఆక్సిన్ పాలు ఎక్కువైతే ఆ ముక్క వేర్లు వేసింది, సైటోకైనిన్ పాలు ఎక్కువైతే చిగుళ్ళు వేసింది. పొగాకు, మిరప ఒకే కుటుంబం మొక్కలు.

రైతు పొలంలో ఈ ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా తెగిపోయింది. వేరు కొసలు లేవు కాబట్టి పైకి వెళ్ళే సంకేతమూ, నీరూ తక్కువ. నీరు చాలక పత్రరంధ్రాలు మూసుకుంటాయి. మూసుకుంటే ఆకులో చక్కెర తయారవదు. చక్కెర దిగకపోతే కొత్త వేరు పుట్టదు. ఉన్న కాస్త ఆహారాన్నీ పూమొగ్గలు లాక్కుంటున్నాయి. 18 రోజులుగా మొక్క ఈ సుడిలో తిరుగుతోంది.

నర్సరీలో చూసినవి

మర్నాడు రైతును వెంటబెట్టుకుని నర్సరీకి వెళ్ళాను. యజమాని మర్యాదస్థుడు, దాచింది ఏమీ లేదు. ట్రేలన్నీ నేల మీద పరిచిన పాలిథీన్ షీటు మీదే ఉన్నాయి. ఒక ట్రే లేపితే అడుగు వేర్లు రంధ్రాల్లోంచి బయటికొచ్చి షీటు మీద నిలిచిన నీళ్ళలో పాకి, ట్రేను లాగగానే పుటుక్కున తెగాయి. గాలి చేయాల్సిన కత్తిరింపు కొనుగోలు రోజున చేతులతో జరుగుతోంది. పైన షేడ్‌నెట్ వర్షాకాలపు మబ్బుల్లో కూడా మూసే ఉంది. నీళ్ళు పొద్దునా సాయంత్రం గొట్టంతో పడుతున్నారు. తీసుకెళ్ళని నారు పసుపు తిరుగుతోందని నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్ళలో ఉండే 19-19-19 ఎరువు మళ్ళీ మళ్ళీ పిచికారీ చేశారు. నత్రజని సులువుగా దొరికితే మొక్క వేరు తగ్గించి ఆకు పెంచుతుంది. నిత్యం తడిలో ఉన్న పొట్టులో గాలి ఉండదు, గాలి లేని చోట వేరు ఊపిరి తీసుకోలేదు.

"మీరు చెప్పేది నిజమేనండీ. కానీ రైతు పొడవు నారే అడుగుతాడు. పొట్టిగా ఉంటే పక్క నర్సరీకి వెళ్ళిపోతాడు" అన్నారు యజమాని. పక్కనే నిలబడ్డ రైతు తల దించుకున్నారు. అందులో ఆయన తప్పు ఏమీ లేదు. నారును ఎత్తు చూసి ఎంచుకోమనే అందరం నేర్పాం, ట్రే బోర్లించి చూడమని ఎవరం చెప్పలేదు.

పొలంలో చేసినవి

మొక్కల తలలు తుంచుదామా అన్నది మొదటి చర్చ. తుంచితే నీటి ఖర్చు తగ్గుతుంది, నిజమే. కానీ వేర్లు పుట్టించే ఆక్సిన్ వచ్చేది ఆ లేత చిగుళ్ళ నుంచే. వేర్లే కావాల్సిన మొక్కకు తల తీయడం నాకు నచ్చలేదు. పూమొగ్గలు మాత్రం ఒక్కటీ ఉంచకుండా గిల్లించాం. మందులు పోయించడం ఆపించాను. కూలీలతో ప్రతి కుదురు దగ్గరా గడ్డలు చిదిపి, పొడి మట్టి ఎగదోసి, ముద్దకు ఆనుకునేలా వేళ్ళతో అదిమించాం. టమాటా అయితే కాండాన్ని లోతుగా పాతితే చాలు, మట్టిలోని కాండం నుంచే వేర్లు తన్నుకొస్తాయి. మిరపకు ఆ గుణం చాలా తక్కువ, అందుకే ఎక్కువ ఎత్తు కప్పవద్దన్నాను. ఆ తర్వాత సాలంతా పారించకుండా పది రోజుల పాటు రోజు విడిచి రోజు మొదట్లో చెంబెడు నీళ్ళు పోయించాం. నేల పదునుకు రాగానే సాళ్ళ మధ్య గుంటక తోలించాం. రేగడి పైపొర విరిగితే వేర్లకు గాలి అందుతుంది.

ఇంతకంటే కష్టమైన మాట ఇంకొకటి చెప్పాల్సి వచ్చింది. అర ఎకరం పీకేసి 38 రోజుల నారు మళ్ళీ నాటమన్నాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. బతికి ఉన్న మొక్కను పీకడం ఏ రైతుకైనా ప్రాణం మీదికి వచ్చినట్టే ఉంటుంది. చివరికి బావమరిది మాట మీద ఒప్పుకున్నారు. మిగిలిన ఎకరన్నరలో పోగుంటలు (మొక్క చచ్చిన ఖాళీలు) పాత ట్రేల నారుతో నింపాలని అనుకుంటే, నాటేముందు ముద్ద అడుగున చిక్కుపడిన చాపను గోటితో గిల్లి, పక్కల్లో చుట్టుకున్న వేర్లను విడదీసి నాటాలని చేసి చూపించాను. తెగిన చోటు వెనకే కొత్త పక్కవేర్లు వస్తాయి.

పన్నెండో రోజున ఎకరన్నర మొక్కల్లో మధ్యాహ్నం వాడడం దాదాపు ఆగింది. తీసి కడిగితే ముద్ద పక్కల నుంచి తెల్లటి కొసలు పొడుచుకొచ్చి కనిపించాయి. వాటిని చూపించగానే రైతు ముఖంలో వచ్చిన మార్పు నాకు ఇప్పటికీ గుర్తుంది. కానీ అన్ని మొక్కలూ ఒకేలా తేరుకోలేదు, నాలుగో వంతు దాకా వెనకబడే ఉన్నాయి. అర ఎకరంలో తర్వాత నాటిన పొట్టి నారు నెల తిరగకముందే పాత మొక్కలను ఎత్తులో అందుకుంది, కొమ్మల్లో దాటిపోయింది. డిసెంబరులో ఒక గాలివాన రోజున ఒరిగిన మొక్కలన్నీ పాత నారువే. వాటిలో ఒకదాన్ని తవ్వి చూస్తే మొదట్లో వేర్లు ఇంకా గుండ్రంగానే తిరిగి ఉన్నాయి. అవి అలాగే లావెక్కి, ఒకదాన్నొకటి బిగించాయి. చిన్నప్పటి ఆ మెలిక తర్వాత సరికాలేదు.

నర్సరీ యజమాని మరుసటి సీజనుకు ఇనుప కమ్మీల మీద ట్రేలు మోకాలెత్తున పెట్టించారు. పొద్దుటి ఎండకు నెట్ చుట్టి పెడుతున్నారు. ట్రే ఎత్తి బరువు చూశాకే నీళ్ళు పడుతున్నారు. అమ్మేముందు వారం రోజులు నీళ్ళు తగ్గించి ఎండకు అలవాటు చేస్తున్నారు. ప్రతి ట్రేకూ విత్తిన తేదీ చీటీ కడుతున్నారు. ఒకేసారి విత్తడం మానేసి పది రోజులకొక విడత వేస్తున్నారు. నేను వెళ్ళినప్పుడు ఆయనే ఒక మొక్కను మొదలు పట్టి ట్రేలోంచి లాగి చూపించారు. ముద్ద విరగకుండా వచ్చింది, చుట్టూ తెల్లటి పోగులు, వాటి సందుల్లో పొట్టు ఇంకా కనిపిస్తోంది.

ఒక ప్రశ్న మాత్రం మా ముగ్గురి మధ్య అలాగే మిగిలింది. కాలువ నీళ్ళు ఆలస్యమై, 45 రోజులు దాటిన నారును రైతు వద్దంటే ఆ నష్టం ఎవరు భరించాలి? ప్రస్తుతానికి నర్సరీ యజమాని అలాంటి ట్రేలను విడిగా పెట్టి, తక్కువ ధరకు, తేదీ చెప్పి అమ్ముతున్నారు. కొనేవాళ్ళకు అడుగు చాప గిల్లి నాటడం చూపిస్తున్నారు. మా రైతు ఈసారి నారు బుక్ చేయలేదు. నీళ్ళు వదిలిన వార్త చూశాకే నర్సరీకి వెళ్ళి, ముందు మూడు ట్రేలు బోర్లించి చూసి, ఆ తర్వాత ధర అడిగారట.